పక్క చేలో ఏం మందు కొడుతున్నారు? ఊరి పురుగు మందుల రిజిస్టరు పెట్టడం ఎలా

"శంకర్‌పల్లి దగ్గర ఇల్లు కట్టుకున్నామండీ. గోడ అవతలే టమాటా తోట. మందు కొట్టిన రోజు కిటికీ తెరవలేం. ఏం కొడుతున్నారో ఎక్కడ రాసి ఉంటుంది?"

ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. మొయినాబాద్, చేవెళ్ల, కందుకూరు, యాచారం అని ఊరి పేరు మారుతుంది, ప్రశ్న మాత్రం అదే. హైదరాబాద్ ఔటర్ దాటి పొలాల మధ్యకు చేరిన కాలనీల వాళ్లు అడుగుతారు. తరాలుగా ఆ పొలాల పక్కనే ఉన్న ఊరివాళ్లూ అడుగుతారు, కాకపోతే కాస్త మొహమాటపడుతూ.

జవాబు: ఎక్కడా రాసి ఉండదు. 1968 నాటి పురుగు మందుల చట్టం తయారీని, అమ్మకాన్ని, నిల్వను, రవాణాను కట్టడి చేస్తుంది. రైతు తన సాగులో ఉన్న భూమిలో వాడుకునే మందుకు మాత్రం సెక్షన్ 38 మినహాయింపు ఇస్తుంది. అంటే ఏ రోజు ఏం కొట్టాడో ఎవరికీ చెప్పాల్సిన పని రైతుకు లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1990 నుంచి పొలాల్లో వాడిన ప్రతి మందునూ కౌంటీ అధికారికి రాసివ్వాలి, ఆ లెక్కలు ఎవరైనా చూడొచ్చు. మన దగ్గర ఆ లెక్క కావాలంటే ఊరే రాసుకోవాలి. అదెలాగో చెబుతాను. చట్టం మీకు పట్టు ఇచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి, అవీ చెబుతాను.

ముందు ఇది చదవండి

మందు తగిలి ఎవరికైనా ఇప్పుడే వాంతులు, విపరీతమైన చెమట, నోట్లో నురగ, చూపు మసకబారడం ఉంటే రిజిస్టరు సంగతి తర్వాత. 108కి ఫోన్ చేయండి. తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లంతా సబ్బుతో కడగండి. కడిగేవాళ్లు చేతులకు ప్లాస్టిక్ కవర్లయినా తొడుక్కోవాలి. నెయ్యి, ఉప్పునీళ్లు, చింతపండు పులుసు తాగించి వాంతి చేయించే పాత అలవాటు మానండి. మందు డబ్బాను కవర్లో చుట్టి ఆసుపత్రికి పట్టుకెళ్లండి. కొన్ని మందులకు విరుగుడు ఉంది. పారాక్వాట్ లాంటి గడ్డి మందుకు లేదు. ఏ మందో తెలియకుండా డాక్టరు చీకట్లో వెతుక్కోవాల్సి వస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, దీన్ని ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి.

కావలసినవి

- 200 పేజీల గట్టి అట్ట నోటుబుక్కు ఒకటి. విడి కాగితాలు వద్దు.
- ఫోటో తీయగలిగే ఫోను.
- ఊరి సర్వే నంబర్ల పటం నకలు. దొరక్కపోతే మీరే బాటలు, బోర్లు, చెట్లు గుర్తులుగా పెట్టి గీసుకున్నా చాలు.
- రాయడానికి ఇద్దరు. ఒకరు ఊరివాళ్లై ఉండాలి. మందు కొట్టే కూలీల్లో ఒకరు ఒప్పుకుంటే అంతకు మించింది లేదు.
- పంచాయతీ కార్యదర్శితో మాట్లాడే ఓపిక.

ఖరీదైన గాలి మీటర్లూ, నీటి పరీక్ష కిట్లూ కొనకండి. ఈ పనికి అవి అక్కర్లేదు.

1. రైతు దగ్గరికి వెళ్లండి, మందు కొట్టని రోజున

అందరూ తప్పు చేసేది ఇక్కడే. వాసన రాగానే గోడ మీంచి అరుస్తారు, వీడియో తీస్తారు. అప్పటికి ఆయన వీపు మీద పదహారు లీటర్ల పంపు ఉంటుంది, నెత్తిన ఎండ ఉంటుంది. ఇక మాట ఎక్కడ కలుస్తుంది?

మందు పని లేని ఓ సాయంత్రం వెళ్లండి. "ఏం మందు కొడుతున్నారు?" అని మొదలుపెడితే పోలీసు ప్రశ్నలా ఉంటుంది. నేనైతే ఇలా అడుగుతాను: "అన్నా, మందు కొట్టే రోజు ముందే ఒక మాట చెప్తే పిల్లల్ని లోపల ఉంచుకుంటాం, ఆరేసిన బట్టలు తీసుకుంటాం. నీళ్ల తొట్టి మీద మూత వేసుకుంటాం." ఇలా అడిగితే కాదన్నవాళ్లు నాకు ఒక్కరే తగిలారు. ఆయన కూడా రెండో పంటకి మెత్తబడ్డాడు.

రైతు భయం వేరే ఉంటుంది. చేవెళ్ల వైపు ఒక పెద్దాయన నాతో సూటిగా అన్నాడు: "నా చేను పేరు బోర్డు మీద రాస్తే రేపు మార్కెట్లో నా కూరగాయ ఎవడు కొంటడు?" ఆయన మాట నిజమే. అందుకే రిజిస్టర్లో రైతు పేరు రాయకూడదు. సర్వే నంబరు కూడా లోపలి పుస్తకానికే. బయట అందరికీ కనిపించే బోర్డు మీద "ఊరికి తూర్పు వైపు, చెరువు కింద" అంటే సరిపోతుంది. ఈ హామీ మొదటి రోజే ఇవ్వండి, ఎప్పుడూ తప్పకండి.

పొలం కౌలుకిచ్చి ఉంటే యజమానితో మాట్లాడి లాభం లేదు. మందు నిర్ణయాలు కౌలు రైతువి. పిచికారీ చేసేది కూలీ. ఆ కూలీకి డబ్బా మీది పేరు తెలియకపోవచ్చు, కానీ ఎన్ని ట్యాంకులు కొట్టాడో ఆయనకు తెలిసినంత కచ్చితంగా ఇంకెవరికీ తెలియదు.

2. డబ్బా చదవడం నేర్చుకోండి

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. మీకు కావలసింది దాని కింద చిన్నగా ఉండే అసలు మందు పేరు, పక్కనున్న శాతం, మందు ఏ రూపంలో తయారైందో చెప్పే ఈసీ, ఎస్‌సీ, ఎస్‌ఎల్ లాంటి అక్షరాలు. ఉదాహరణకు "ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్". ఇదే మందు పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతాయి. కంపెనీ పేర్లు రాసుకుంటూ పోతే ఏడాది చివర మీ పుస్తకంలో నలభై మందులు కనిపిస్తాయి, నిజానికి అవి ఏడో ఎనిమిదో.

తర్వాత వజ్రాకారపు గుర్తు చూడండి. దాని కింది సగం రంగును బట్టి:

- ఎరుపు: అత్యంత విషం. పైన పుర్రె గుర్తు ఉంటుంది. మోనోక్రోటోఫాస్ ఈ కోవలోది.
- పసుపు: ఎక్కువ విషం. ఇమిడాక్లోప్రిడ్ ఇందులో ఉంది.
- నీలం: మధ్యస్థం.
- ఆకుపచ్చ: తక్కువ.

ఒక హెచ్చరిక. ఈ రంగులు ఒక్కసారిగా ఒంట్లోకి పోతే వచ్చే ప్రమాదాన్ని చెబుతాయి, అంతే. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పీలిస్తే ఏమవుతుందో రంగు చెప్పదు. చేపలకూ తేనెటీగలకూ ఏమవుతుందో కూడా చెప్పదు. "పచ్చ గుర్తే కదా" అని పిల్లల్ని గట్టు మీద ఆడుకోనిచ్చినవాళ్లను చూశాను.

నాలుగు ఫోటోలు తీయండి: డబ్బా ముందు భాగం, వెనుక భాగం, బ్యాచ్ నంబరు ఉన్న చోటు, రంగు గుర్తు. డబ్బాను రైతునే పట్టుకోమనండి, మీరు ఒట్టి చేత్తో ముట్టుకోకండి.

మందుకు ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరే లేని సీసాలు కూడా కనిపిస్తాయి. "బయో", "ఆర్గానిక్", "టానిక్" అని రాసి ఉంటుంది, లోపల ఏముందో ఉండదు. వీటిని వదిలేయకండి. "నంబరు లేదు" అని రాసి ఫోటో పెట్టండి. నా మటుకు నాకు ఎర్ర గుర్తు డబ్బా కన్నా ఈ పేరులేని సీసాలంటేనే ఎక్కువ భయం.

3. రిజిస్టరు గీయండి

గడులు ఎక్కువైతే వారం తర్వాత ఎవరూ రాయరు. ఇవి చాలు: తేదీ, మొదలుపెట్టిన సమయం, సర్వే నంబరు, పంట, మందు అసలు పేరు, శాతం, రంగు, ట్యాంకుకు ఎంత, ఎన్ని ట్యాంకులు, దేంతో కొట్టారు, గాలి ఎటు, ముందే చెప్పారా లేదా, రాసినవారి సంతకం.

ఒక నమూనా పంక్తి: "ఆగస్టు 12, ఉదయం 7, పత్తి, ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్, పసుపు, ట్యాంకుకు 5 మి.లీ., 8 ట్యాంకులు, బ్యాటరీ పంపు, గాలి పడమర నుంచి తూర్పుకు, ముందురోజు చెప్పారు." (ఇది ఎలా రాయాలో చూపడానికే. మోతాదు సలహా అనుకోవద్దు.)

రైతులు లెక్క ట్యాంకుల్లోనే చెబుతారు. మీరూ అలాగే రాసుకోండి, మొత్తం తర్వాత వేసుకోవచ్చు. పై లెక్కలో 8 ట్యాంకులకు 40 మి.లీ. అయితే ఇంజనుతో నడిచే తైవాన్ పంపుతో కొట్టేవాళ్లు డ్రమ్ములో కలుపుతారు, దాని నీటి కొలత వేరు. కాబట్టి "ట్యాంకు అంటే ఎన్ని లీటర్లు?" అని అడగడం మరవద్దు. మొదటి నెల మేం ఇది అడగలేదు. లెక్కలన్నీ పనికిరాకుండా పోయాయి.

గాలి ఎటు వీస్తోందో తెలియాలంటే తూర్పార పట్టినట్టు గుప్పెడు పొట్టు ఎగరేయండి. పొట్టు మీ ఇంటి వైపు దూరంగా కొట్టుకుపోతుంటే ఆ పూట ఆపగలరేమో రైతును అడగండి. సగం మందు గాలిపాలైతే నష్టం ఆయన జేబుకే, ఆ మాట ఆయనకు మీకన్నా బాగా తెలుసు.

4. పంచాయతీలోకి తీసుకెళ్లండి

మీ నోటుబుక్కు మీ ఇంట్లోనే ఉన్నంత కాలం అది మీ గొడవ. గ్రామసభలో తీర్మానం అయితే ఊరి పని అవుతుంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది, దాని ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. సభకు వారం ముందే కార్యదర్శికి రాసివ్వండి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

తీర్మానం చిన్నగా ఉండాలి. ఇలా: "ఇళ్లకు, బడికి, అంగన్‌వాడీకి, తాగునీటి బోర్లకు దగ్గరలో మందు కొట్టే రైతులు వీలైనంత వరకు ముందురోజు సాయంత్రంలోగా తెలపాలని, పంచాయతీ మందుల రిజిస్టరు ఉంచాలని, రైతు పేరు బయటపెట్టరాదని గ్రామసభ కోరుతోంది." "కోరుతోంది" అన్న మాట కావాలనే పెట్టాను. "ఆదేశిస్తోంది" అంటే సెక్షన్ 38 చూపించి ఎవరైనా కొట్టేస్తారు, పైగా సభలో సగం మంది రైతులే కదా.

రోజూ సమాచారం చేరడానికి మా వైపు బాగా పనిచేసింది పంచాయతీ మైకు. "రేపు పొద్దున చెరువు కింద పత్తికి మందు కొడుతున్నారు" అని సాయంత్రం ఒక్క మాట చాలు. వాట్సాప్ గ్రూపు కూడా పెట్టొచ్చు, కానీ మెసేజీలు పెట్టేది ఇద్దరే ఉండాలి. అందరికీ వదిలితే రెండో రోజుకే ఫలానావాడి పొలం ఫోటో, మూడో రోజుకు తిట్లు. మా మొదటి గ్రూపు అలాగే పోయింది. ఆ ఫోటో పెట్టిన మహానుభావుడిని నేనే.

5. డ్రోన్ అయితే మీ పట్టు గట్టిది

పై చెప్పిందంతా అడిగి ఒప్పించే వ్యవహారం. డ్రోన్ దగ్గర అలా కాదు. 1971 నాటి పురుగు మందుల నియమాల్లో 43వ నియమం ప్రకారం ఆకాశం నుంచి మందు చల్లితే కనీసం 24 గంటల ముందు అధికారుల ద్వారా ప్రజలకు తెలపాలి. సంబంధం లేని మనుషులు, పశువులు ఆ చోటికి రాకుండా చూడాలి. స్థలానికి హద్దు గుర్తులు పెట్టే బాధ్యత చల్లేవాళ్లదే. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ డ్రోన్ పిచికారీకి పద్ధతుల పత్రం కూడా విడుదల చేసింది.

కాబట్టి డ్రోన్ అద్దెకిచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు సీజను మొదట్లోనే సేకరించి, ఈ నియమం నకలు పంచాయతీ తరఫున పంపించండి. చెప్పకుండా వచ్చేస్తే తేదీ, సమయం, ఎగిరిన చోటు రాసి మండల వ్యవసాయ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. డ్రోన్ మీద రాళ్లు వేయకండి (నవ్వకండి, జరుగుతుంది).

6. ఆర్‌టీఐ (సమాచార హక్కు): దుకాణం వైపు నుంచి రండి

పొలంలో లెక్క అడిగే హక్కు లేకపోయినా అమ్మకం వైపు కాగితాలు ఉంటాయి. ఫర్టిలైజర్ షాపు ప్రతి అమ్మకానికీ బిల్లు ఇవ్వాలి, నిల్వ రిజిస్టరు పెట్టాలి. మండల వ్యవసాయ అధికారి సాధారణంగా మందుల ఇన్‌స్పెక్టరు కూడా. ఆయన కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి మండల స్థాయికి ఉన్న 5 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. అడగాల్సినవి:

- మండలంలో లైసెన్సు ఉన్న పురుగు మందుల దుకాణాల జాబితా.
- గత రెండేళ్లలో తనిఖీ చేసిన తేదీలు, తీసిన శాంపిళ్లు, పరీక్ష ఫలితాల నకళ్లు.
- దుకాణాలు ఇచ్చిన అమ్మకాల వివరాలలో మందుల వారీ మొత్తాలు.
- మందు తగిలి జబ్బుపడిన ఘటనలను తెలపడంపై చట్టం సెక్షన్ 26 కింద నోటిఫికేషన్ ఏదైనా వచ్చి ఉంటే దాని నకలు, దాని కింద అందిన నివేదికల సంఖ్య.

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది, అసలు కీలకం అదే. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తి చేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయాక గానీ లోకానికి తెలియలేదు. మొదటి కేసుల దగ్గరే లెక్క పైకి పోతే ఏమయ్యేదో ఊహించుకోండి.

"ఎందుకు చర్య తీసుకోలేదు?" అని రాయకండి. ఎందుకు అన్నదానికి కాగితం ఉండదు, అందుకే జవాబూ రాదు. నకళ్లే అడగండి. వ్యాపార రహస్యం అని అమ్మకాల వివరాలు ఇవ్వకపోతే దుకాణాల పేర్లు తీసేసి మొత్తాలు ఇమ్మని అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఆ గడువు క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి, ఎక్కువ మంది ఓడిపోయేది అక్కడే.

7. జబ్బుపడితే ఆ కేసు కాగితం మీదికి రావాలి

ఆసుపత్రిలో కేస్ షీటు మీద మందు పేరు, "పిచికారీ చేస్తుండగా" లేదా "పక్క పొలం నుంచి గాలికి వచ్చి" అన్న మాట రాయమని మర్యాదగా అడగండి. ఒట్టి "వాంతులు" అని రాస్తే ఆ కేసు ఏ లెక్కలోకీ రాదు. డిశ్చార్జి కాగితం నకలు, డబ్బా ఫోటో, రిజిస్టరు పేజీ ఫోటో కలిపి మండల వ్యవసాయ అధికారికి ఇచ్చి ముద్ర వేయించుకోండి.

కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. రంగారెడ్డి కలెక్టరేట్ ఇబ్రహీంపట్నం దగ్గర కొంగరకలాన్‌లో ఉంది. చేవెళ్ల వాళ్లకు ఒక పూట ప్రయాణమే, అందుకని కాగితాలు రెండు సెట్లు తీసుకుని వెళ్లండి.

డబ్బాలో మిగిలిన మందును మీరే సీసాలో పోసి ల్యాబుకు పట్టుకెళ్లొద్దు. దుకాణం మీద కేసు నిలవాలంటే ఇన్‌స్పెక్టరు పద్ధతి ప్రకారం తీసిన శాంపిలే కావాలి. దారిలో ఒలికితే మీకే ప్రమాదం.

తరచూ జరిగే పొరపాట్లు

వాసనను బట్టి విషం అంచనా వేయడం. ఘాటు వాసన చాలాసార్లు మందును కరిగించే ద్రావకానిది. అసలు వాసన రాని మందులూ ప్రమాదకరమే.

ఎరువును మందుగా రాసుకోవడం. యూరియా, సూక్ష్మపోషకాలు కూడా ఆకుల మీద పిచికారీ చేస్తారు. డబ్బా చూడకుండా ఏదీ రాయకండి.

నిషేధం గురించి విన్నది విన్నట్టు ప్రచారం చేయడం. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడకూడదని 2005లోనే ఉత్తర్వు వచ్చింది. ఇలా ఒక్కో మందుది ఒక్కో కథ. కేంద్ర మొక్కల సంరక్షణ శాఖ వెబ్‌సైటులో నిషేధిత, పరిమిత మందుల జాబితా ఉంటుంది, అది మారుతూ ఉంటుంది. సీజనుకోసారి కొత్తది దించుకోండి. కూరగాయ తోటలో ఎర్ర గుర్తు డబ్బా కనిపిస్తే ముందు ఆ రైతుకు చెప్పండి. అంటగట్టిన దుకాణం ఏదో అప్పుడు తెలుస్తుంది, ఫిర్యాదు దాని మీద ఇవ్వండి.

లెక్క సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

నెలాఖరున ఖాళీ డబ్బాలు లెక్కపెట్టండి, కర్రతో కదిపి చూసి, చేత్తో తీయకుండా. గట్ల మీద, కాలువల్లో పన్నెండు డబ్బాలు కనిపించి రిజిస్టర్లో నాలుగు పిచికారీలే ఉంటే మూడింట రెండు వంతులు మీ చెవిన పడలేదనుకోవచ్చు. ఆ డబ్బాలను నియమాల ప్రకారం పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలి. కాల్చకూడదు, కడిగి నీళ్లకు వాడకూడదు.

పంట కాలంతో పోల్చండి. పత్తికి జూలై, ఆగస్టుల్లో రసం పీల్చే పురుగులు, తర్వాత కాయ మీదికి గులాబీ పురుగు. ఆగస్టులో పత్తి చేల మీద ఒక్క నమోదు కూడా లేదంటే మందు కొట్టలేదని సంబరపడకండి. రాసేవాళ్లు మానేశారు.

రాసే ఇద్దరూ వారానికి ఒక రోజు ఒకే పిచికారీని విడివిడిగా రాసి పోల్చుకోండి. ట్యాంకుల సంఖ్యలో ఒకటి రెండు తేడా ఫర్వాలేదు. మందు పేరు వేరుగా వస్తే ఫోటోలు మళ్లీ చూడాల్సిందే.

నిండిన ప్రతి పేజీనీ ఇద్దరి ఫోన్లలో ఫోటో తీసి పెట్టుకోండి. కార్యదర్శి బదిలీ అయ్యేటప్పుడు అప్పగింతల జాబితాలో రిజిస్టరు పేరు రాయించండి. మా మొదటి పుస్తకం అలా రాయించకే పోయింది. ఏడు నెలల లెక్క, ఏ బీరువా మీదుందో ఇప్పటికీ తెలియదు.